మీ మాడ్‌ను సైట్ల నుంచి తీసేయాలనుకుంటే

మాడ్ అంటే వీడియో గేమ్‌కు ఆడేవాళ్లే సొంతంగా చేసి సైట్లలో పంచుకునే అదనపు భాగం. దాన్ని తొలగించే బటన్ నొక్కడానికి అర నిమిషం చాలు. నొక్కాక వచ్చే సందేశాలు, ఆట తెరుచుకోవడం లేదన్న ఫిర్యాదులు, ఎన్నడూ వినని సైట్లలో తేలే కాపీలు మాత్రం నెలల తరబడి వెంటాడతాయి. స్కైరిమ్ ఆటకు లాంతర్ల మాడ్లు, మైన్‌క్రాఫ్ట్ ఆటకు ఒక కొలిమి మాడ్ చేసినదాన్ని నేను. వాటిలో కొన్నిటిని తీసేశాను, కొన్నిటిని తీసేయబోయి ఆగాను. తీసేయడమే పాపమన్నట్టు మాట్లాడేవాళ్లతో నాకు పొత్తు కుదరదు. ఉచితంగా ఇచ్చినంత మాత్రాన అది ఊరుమ్మడి సొత్తు అయిపోదు. అయినా కోపం వచ్చిన రాత్రి కూర్చుని చేసే పని కాదిది. దీనికి ఒక వరుస ఉంది. ఆ వరుస తప్పితే మీరు అనుకున్నదీ జరగదు, మాడ్‌ను నమ్ముకుని ఆడేవాళ్లకూ కొంప మునుగుతుంది.

ముందు కారణం తేల్చుకోండి

ఎందుకు తీసేస్తున్నారో ఒక్క వాక్యంలో కాగితం మీద రాయండి. రాయలేకపోతే ఇంకో వారం ఆగండి. కారణాన్ని బట్టి చేయవలసిన పని పూర్తిగా మారిపోతుంది.

నేను చూసినంతలో చాలామంది మాడ్ మీద విరక్తితో కాదు, జవాబులు చెప్పలేక తీసేస్తారు. గేమ్ కంపెనీ ఒక అప్‌డేట్ వదులుతుంది, తెల్లారేసరికి ఇన్‌బాక్స్ నిండిపోతుంది. 2021 నవంబర్ 11న స్కైరిమ్ యానివర్సరీ ఎడిషన్ వచ్చినప్పుడు స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ (మాడ్లకు అదనపు శక్తినిచ్చే పనిముట్టు) మీద ఆధారపడిన మాడ్లు వరసపెట్టి మూలపడ్డాయి. 2024 ఏప్రిల్ 25న ఫాల్అవుట్ 4కు పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడూ అదే తంతు. తప్పు కంపెనీది, తిట్లు మాడ్ చేసినవాళ్లకు. మీ బాధ ఇదే అయితే మాడ్‌ను తీసేయనక్కరలేదు. వ్యాఖ్యలు మూసేయండి, నోటిఫికేషన్లు ఆపేయండి, పేజీ మొదటి వరుసలో "ఇకపై మార్పులు ఉండవు, సహాయం ఉండదు" అని రాయండి. ఇంకెవరైనా సరిచేసి వదలడానికి అనుమతి ఇచ్చేయండి. నా కొలిమి మాడ్ విషయంలో నేను చేసింది ఇదే. ఇప్పుడు దాన్ని ఎవరో చూసుకుంటున్నారు, నేను ఆ పేజీ తెరిచి చాలా కాలమైంది, హాయిగా ఉంది.

పేరు కనిపించకూడదన్నది రెండో కారణం. కొత్త ఉద్యోగం కావచ్చు, ఎవరో వెంటపడి వేధించడం కావచ్చు. దీనికీ మాడ్‌ను తొలగించడం ఒక్కటే దారి కాదు. ఖాతా పేరు మార్చుకోవచ్చు, పేజీని నమ్మకమైన మరో మాడర్‌కు బదిలీ చేయవచ్చు. అయితే రీడ్‌మీ ఫైల్‌లో (మాడ్‌తో వచ్చే వివరాల కాగితం లాంటిది), స్క్రిప్టుల పైవరుసల్లో, ప్లగిన్ ఫైల్‌లోని (మాడ్ చేసే మార్పులను ఆటకు అందించేది) రచయిత గడిలో పాత పేరు అలాగే ఉండిపోతుంది. కొత్త వెర్షన్ పెట్టేముందు ఆ మూడు చోట్లా వెతకండి.

మూడోది, సైట్ పద్ధతులు నచ్చకపోవడం. దీనికి రెండు పాత ఉదాహరణలు తెలిసి ఉండటం మంచిది. 2015 ఏప్రిల్ 23న స్టీమ్ అనే ఆటల దుకాణంలోని మాడ్ల విభాగం స్టీమ్ వర్క్‌షాప్‌లో స్కైరిమ్ మాడ్లను డబ్బుకు అమ్ముకునే పద్ధతి మొదలైంది. మాడ్ చేసినవాళ్లకు దక్కే వాటా 25 శాతం. తమ ఉచిత మాడ్లను ఎవరైనా ఎత్తుకెళ్లి అక్కడ అమ్ముకుంటారేమోనన్న భయంతో కొందరు మాడ్లు పంచుకునే నెక్సస్ మాడ్స్ సైట్‌లో తమ పనిని దాచేశారు. మొదట అమ్మకానికి వచ్చిన వాటిలో చేపలు పట్టే మాడ్ ఒకటి ఇంకొకరి యానిమేషన్ పనిముట్టు మీద ఆధారపడిందని తగవు వచ్చింది. ఆ చేపల మాడ్ చేసినాయన దాన్ని పూర్తిగా తీసేయమని అడిగితే, అమ్మకం ఆపుతాం గానీ చట్టం చెబితే తప్ప ఫైల్‌ను చెరిపేయలేమని స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ నుంచి జవాబు వచ్చింది. ఏప్రిల్ 27కల్లా ఆ పద్ధతినే ఎత్తేశారు. కానీ అసలు పాఠం ఆ జవాబులో ఉంది. కొనుక్కున్నవాళ్లు ఉన్నచోట తొలగింపు మీ ఒక్కరి చేతిలో ఉండదు.

రెండోది 2021 నాటిది. ఇకపై మాడర్లు ఫైళ్లను చెరిపేయలేరని, అవి కేవలం భద్రపరిచిన స్థితిలోకి వెళ్తాయని జూలై మొదట్లో నెక్సస్ మాడ్స్ ప్రకటించింది. అప్పుడు సిద్ధమవుతున్న కలెక్షన్లు, అంటే ఎవరో కూర్చిన మాడ్ల జాబితాను ఒక్క దెబ్బకు దిగుమతి చేసుకునే సౌకర్యం, ఫైళ్లు మాయమైతే పనిచేయదు మరి. ఇష్టం లేనివాళ్లు తమ ఫైళ్లన్నిటినీ చెరిపించుకోవడానికి ఆగస్టు 5 వరకు గడువు ఇచ్చారు. చాలామంది ఆ గడువులోపే మూటాముల్లె సర్దుకున్నారు. గడువు దాటాక ఆలోచించుకున్నవాళ్లకు భద్రపరచడమే మిగిలింది. కాబట్టి సైట్ పద్ధతులు మారుతున్నాయన్న ప్రకటన వచ్చినప్పుడు వాదన తర్వాత పెట్టుకోండి, ముందు అందులో తేదీ ఏముందో చూడండి.

ఇక నాలుగో కారణం. మీ మాడ్‌లో అనుమతి లేని ఇంకొకరి బొమ్మో, శబ్దమో, మోడలో ఉందని తేలింది. ఈ ఒక్క సందర్భంలో మాత్రం కింద చెప్పే గడువులు, వీడ్కోలు మాటలు ఏవీ అక్కరలేదు. ఇవాళే దాచేయండి, అసలు హక్కుదారుకు రాయండి, ఆ భాగం తీసేసి మళ్లీ పెట్టాలా వద్దా అన్నది తర్వాత చూసుకోవచ్చు.

మీ చేతిలో ఉన్న హక్కు ఎంత

ఇది చాలామంది దాటవేసే అంచె. మీరు మాడ్‌ను ఏ లైసెన్సు కింద వదిలారో వెతకండి. "ఎవరూ వేరే చోట పెట్టకూడదు" అని రాసి ఉంటే మీ మాట చెల్లుతుంది. అదే క్రియేటివ్ కామన్స్ (అందరూ పంచుకోవడానికి ముందే అనుమతిచ్చే లైసెన్సు) కింద వదిలి ఉంటే, ఆ లైసెన్సు వెనక్కి తీసుకోలేనిదని దాని పాఠంలోనే ఉంది. మీ పేజీని మీరు మూసుకోవచ్చు, కానీ అప్పటికే కాపీ తీసుకున్నవాళ్లు షరతులు పాటిస్తూ పంచుకుంటే వాళ్ల మీద ఫిర్యాదు నిలవదు. ఎంఐటీ, జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సుల కింద వదిలిన కోడ్ సంగతీ ఆచరణలో అంతే. కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ మాడ్లను అమర్చే సీకాన్ అనే పనిముట్టు, లైసెన్సు అనుమతించిన మాడ్లకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నకళ్లు కూడా పెడుతుంది. అది దొంగతనం కాదు, మీరు ఇచ్చిన అనుమతే.

కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో సోర్స్ పెట్టినవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. అందరికీ కనిపించే రిపాజిటరీని (కోడ్ ఉన్న చోటును) చెరిపేసినా ఇతరులు తీసుకున్న ఫోర్కులు, అంటే వాళ్ల కాపీలు, పోవు. అందుకే నేను గిట్‌హబ్‌లో చెరపడం కంటే ఆర్కైవ్ స్థితిలో పెట్టడమే మేలంటాను. చదవవచ్చు, కొత్త ఫిర్యాదులు రాయలేరు.

గేమ్ కంపెనీతో మీరు తెలియకుండానే చేసుకున్న ఒప్పందం కూడా ఉంటుంది. మైన్‌క్రాఫ్ట్ ఒప్పందం సొంతంగా రాసిన మాడ్ మీదేనని చెబుతుంది. స్కైరిమ్ మాడ్లు చేసే అధికారిక పనిముట్టు క్రియేషన్ కిట్ ఒప్పందమైతే, దాంతో చేసినదాన్ని మీరు విడుదల చేయగానే వాడుకునే శాశ్వత హక్కు ఆట కంపెనీ బెథెస్డాకు ఇచ్చినట్టేనంటుంది. దీనివల్ల మీ పేజీ తీసేయడానికి అడ్డంకి లేదు. "నా అనుమతి లేకుండా ఎవరూ ఏమీ చేయలేరు" అన్న ధీమా మాత్రం కాస్త తగ్గించుకోవాలి.

ఒంటరిగా చేసిన మాడ్ కాకపోతే తోడు పనిచేసినవాళ్లను అడగండి. పాత్రలకు గొంతు ఇచ్చినవాళ్లు, టెక్స్‌చర్లు (వస్తువుల పైపూత బొమ్మలు) గీసినవాళ్లు, అనువాదకులు, అందరికీ అందులో భాగం ఉంది. వాళ్లకు చెప్పకుండా తీసేయడం చట్టం మాట అటుంచి, మర్యాద కాదు.

చెరపబోయే ముందు మీ దగ్గర దాచుకోండి

సైట్‌లో ఉంది కదా అని సొంత కంప్యూటర్‌లో పాత వెర్షన్లు ఉంచుకోని మాడర్లు బోలెడంత మంది. ప్రతి వెర్షన్ ఫైల్‌నూ సైట్ నుంచే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. మీ దగ్గరున్న పని ఫైళ్లు సరిపోవు, ఎందుకంటే ఆడేవాళ్లకు అందింది ఏదో రుజువు చేయవలసి వస్తే అచ్చం అదే ఫైల్ కావాలి. దాంతోపాటు పేజీ వివరణ, మార్పుల చరిత్ర, అనుమతుల విభాగం స్క్రీన్‌షాట్, అప్‌లోడ్ తేదీలు కనిపించే స్క్రీన్‌షాట్, ఇతరులకు మీరు అనుమతి ఇచ్చిన సందేశాలు, మీకు ఇతరులు అనుమతి ఇచ్చిన సందేశాలు, అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టండి. మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లో దాచిన అసలు ఫైళ్లు మరీ ముఖ్యం. ఆటలో పనిచేసే మెష్ ఫైల్ (వస్తువు ఆకారం ఉండేది) ఎవరి దగ్గరైనా ఉంటుంది, దాన్ని చెక్కిన ఫైల్ చేసినవాళ్ల దగ్గరే ఉంటుంది.

పేజీ ఒకసారి పోయాక ఇవేవీ దొరకవు. అవసరం వచ్చేది కూడా అప్పుడే.

మీ మీద ఎవరు ఆధారపడ్డారు

నన్నడిగితే మొత్తం పనిలో ఎక్కువ సమయం పెట్టవలసింది ఇక్కడే.

స్కైరిమ్, ఫాల్అవుట్ లాంటి ఆటల్లో ఒక ప్లగిన్ ఇంకో ప్లగిన్‌ను మాస్టర్‌గా, అంటే తప్పనిసరి ఆధారంగా పెట్టుకుంటుంది. ఆ మాస్టర్ లేకపోతే ఆట మొదటి తెర దగ్గరే కూలిపోతుంది. కారణమేమిటో కూడా చెప్పదు. స్క్రిప్టులున్న మాడ్ అయితే వాటి ఆనవాళ్లు సేవ్ ఫైల్‌లో (ఆడినంతవరకు ఆట దాచుకునే ఫైల్) దిగబడిపోతాయి, మధ్యలో తీసేస్తే ఆ సేవ్ ఎప్పుడు ఎలా చెడుతుందో చెప్పలేం. మైన్‌క్రాఫ్ట్‌లో దెబ్బ కంటికి కనిపిస్తుంది. మాడ్ లేకుండా పాత ప్రపంచాన్ని తెరిస్తే, ఏవేవో వస్తువులు దొరకడం లేదని ఒక హెచ్చరిక వస్తుంది. సరే అని నొక్కితే ఆ మాడ్ తెచ్చిన దిమ్మెలున్న చోటల్లా ఖాళీ గాలి మిగులుతుంది. గోడలో చిల్లు పడితే పూడ్చుకోవచ్చు, మీ మాడ్ ఇచ్చిన పెట్టెల్లో ఎవరైనా ఏడాది కష్టం దాచుకుని ఉంటే అదీ పెట్టెతోపాటే పోతుంది.

ఇప్పటికే డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్లకు ఈ బెడద లేదు కదా అనుకోవచ్చు. కంప్యూటర్ మార్చినప్పుడు, ఆట మళ్లీ ఎక్కించినప్పుడు వస్తుంది. పైగా ఇప్పుడు జనం మాడ్లను ఒక్కొక్కటిగా ఎక్కించుకోవడం తగ్గింది, కట్టలు కట్టలుగా తెచ్చుకుంటున్నారు. కర్స్‌ఫోర్జ్ సైట్‌లోని మాడ్‌ప్యాక్‌లో, అంటే అలాంటి కట్టలో, మీ మాడ్ ఉండదు, మీ మాడ్ సంఖ్య, ఫైల్ సంఖ్య మాత్రమే ఉంటాయి. మాడ్‌రింత్ సైట్ ప్యాక్‌లో ఫైల్ చిరునామా, దాని హ్యాష్ (ఫైల్ నుంచి లెక్కగట్టిన వేలిముద్ర లాంటి గుర్తు) ఉంటాయి. వబ్బాజాక్ అనే పనిముట్టు వాడే జాబితా కూడా హ్యాష్‌నే చూస్తుంది. అంటే మీరు ఫైల్ తీసేస్తే ఆ కట్ట మొత్తం ఆగిపోతుంది, అదే పేరుతో వేరే ఫైల్ పెట్టినా ఒప్పుకోదు. 2016 మార్చిలో జావాస్క్రిప్ట్ ప్రపంచంలో లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు వరుసల ప్యాకేజీని రాసినాయన ఉపసంహరించుకుంటే ఎన్నో ప్రాజెక్టులు ఆగిపోయాయి, చివరికి సైట్ నిర్వాహకులే దాన్ని తిరిగి పెట్టారు. చిన్న మాడ్ కాబట్టి ఎవరికీ పట్టదనుకోకండి.

కాబట్టి మీ పేజీలో "దీని మీద ఆధారపడినవి" అన్న జాబితా ఉంటే తెరవండి. లేకపోతే మీ మాడ్ పేరును ఇతర మాడ్ల వివరణల్లో వెతకండి. ప్రతి ఒక్కరికీ రాయనక్కరలేదు. మీ ఫైల్ లేకపోతే పూర్తిగా పడిపోయేవాళ్లకు, పెద్ద ప్యాక్‌లు నడిపేవాళ్లకు రాస్తే చాలు. నేను పంపిన ఉత్తరం దాదాపు ఇలా ఉండేది:

"నమస్కారం. నా లాంతర్ల మాడ్‌ను వచ్చే నెలాఖరుకు తీసేస్తున్నాను. మీ సత్రాల మాడ్ నా ప్లగిన్‌ను మాస్టర్‌గా వాడుతోందని చూశాను. మీకు రెండు దారులున్నాయి. ఆ ఆధారాన్ని తీసేసి కొత్త వెర్షన్ ఇవ్వవచ్చు, లేదా మీరు వాడుతున్న మూడు లాంతర్ల మెష్‌లు, టెక్స్‌చర్లు మీ మాడ్‌లోనే కలుపుకోవచ్చు. రెండోదానికి ఈ ఉత్తరమే అనుమతి. మిగతా ఫైళ్లకు ఇది వర్తించదు. పనికి ఇంకాస్త సమయం కావాలంటే చెప్పండి."

ఇందులో కారణం చెప్పలేదు, క్షమాపణ అడగలేదు. తేదీ, అనుమతి ఎంతవరకు అన్నది, ఇవి రెండూ తేటగా ఉంటే చాలు. జవాబు రాకపోతే మీ తేదీకి మీరు కట్టుబడండి. నెల రోజుల గడువు ఇచ్చాక ఇంకా బాకీ ఉన్నారని ఎవరైనా అంటే ఆ లెక్క మీరు ఒప్పుకోనక్కరలేదు.

చివరి వెర్షన్, వీడ్కోలు మాట

తీసేసే మాడ్‌కు చివరి వెర్షన్ ఎందుకు అంటారేమో. ఒకటి, తెలిసిన దోషాలతోనే అది జనం హార్డ్ డిస్కుల్లో ఇంకా ఏళ్లపాటు బతుకుతుంది. రెండు, దాని లోపల మీరు పెట్టే రీడ్‌మీ ఫైలే ఆ తర్వాత మీ గొంతు. పేజీ పోతుంది, పేజీలో రాసిన అనుమతులు పోతాయి. జిప్‌లో ఉన్న చిన్న టెక్స్ట్ ఫైల్ మాత్రం కాపీ వెళ్లిన ప్రతిచోటికీ వెళ్తుంది. అందుకే అనుమతులన్నీ అందులోనే రాయండి: వేరే సైట్‌లో పెట్టవచ్చా, మార్చి వదలవచ్చా, వేరే ఆటకు తీసుకెళ్లవచ్చా, డబ్బు తీసుకోవచ్చా. నాలుగింటికీ అవును, కాదు అని విడివిడిగా.

పేజీ పైన పెట్టే ప్రకటన చిన్నదిగా ఉండాలి. నాది ఇదీ:

"ఇది చివరి వెర్షన్. వచ్చే నెలాఖరున ఈ పేజీ ఉండదు. ఇప్పుడు ఆడుతున్నవాళ్లు ఈ ఫైల్‌ను డౌన్‌లోడ్ చేసుకుని దాచుకోండి, మీ ఆట పూర్తయ్యేదాకా మాడ్‌ను తీయకండి. వేరే సైట్లలో పెట్టడానికి అనుమతి లేదు. దీని మీద ఆధారపడిన మాడ్లు చేసేవాళ్లు నాకు సందేశం పంపండి."

కారణం రాయాలనిపిస్తుంది. రాయకండి. రాస్తే ఆ కారణం మీద చర్చ మొదలవుతుంది, ఎవరో మిమ్మల్ని సమర్థిస్తారు, ఇంకెవరో ఖండిస్తారు, మీరు మధ్యలో తగవు తీర్చే పెద్దమనిషి అవతారమెత్తాలి. సైట్ పద్ధతులకు నిరసనగా వెళ్తున్నవాళ్లకు మాత్రం మినహాయింపు. నిరసన అన్నాక పైకి చెప్పాల్సిందే.

బటన్ నొక్కే రోజు

వెంటనే చెరపకండి, ముందు దాచండి. దాదాపు ప్రతి సైట్‌లోనూ పేజీని కనిపించకుండా పెట్టే ఏర్పాటు ఉంటుంది. రెండు వారాలు దాచి చూడండి. మీరు మరచిపోయిన ఆధారాలు, ప్యాక్‌లు ఈలోపు బయటపడతాయి. మనసు మారినా నష్టం లేదు, డౌన్‌లోడ్ల లెక్క, పేజీ చిరునామా భద్రంగా ఉంటాయి.

స్టీమ్ వర్క్‌షాప్‌లో అందరికీ, స్నేహితులకు, దాచినది, జాబితాలో లేనిది అని నాలుగు స్థాయిలున్నాయి. జాబితాలో లేనిది అన్న చివరిదాన్ని ఎంచుకుంటే వెతికితే దొరకదు, లింకు ఉన్నవాళ్లకు దొరుకుతుంది. గడువు కాలంలో ఇది చక్కగా పనికొస్తుంది. పూర్తిగా తీసేసే స్వేచ్ఛ ఒప్పందం ప్రకారం మీకుంది. అయితే అప్పటికే కాపీ పొందినవాళ్ల హక్కులు దానివల్ల పోవని, ఆటలోకి అధికారికంగా తీసుకున్నవాటి మీద వాల్వ్ హక్కులు కొనసాగుతాయని అదే ఒప్పందం చెబుతుంది. వర్క్‌షాప్ తన ఫైళ్లను తానే చూసుకుంటుంది కాబట్టి ఆడేవాళ్లు అక్కడ సబ్‌స్క్రైబ్ చేసి ఊరుకుంటే సరిపోదు, కాపీ విడిగా తీసి పెట్టుకోవాలని మీ ప్రకటనలో ఒక ముక్క చేర్చండి.

నెక్సస్‌లో పేజీని దాచడం, ఫైళ్లను భద్రపరచడం వేర్వేరు పనులు. భద్రపరిచిన ఫైల్ ఫైళ్ల జాబితాలో కనిపించకపోయినా, కలెక్షన్ల ద్వారా అందుతూనే ఉంటుందన్నదే 2021 మార్పు సారాంశం. అది మీకు సమ్మతమేనా కాదా అన్నది అక్కడ మాడ్ పెట్టేముందే తేల్చుకోవలసిన ప్రశ్న. విరాళాల పాయింట్లు పోగై ఉంటే పేజీ తీసేయకముందే వాడుకోండి. నెలనెలా మద్దతు ఇస్తున్నవాళ్లు ఉంటే వసూలు ముందుగా ఆపండి. ఇంతకంటే చెప్పడానికేమీ లేదు.

కర్స్‌ఫోర్జ్‌లో బయటి లాంచర్లకు (మాడ్లను తెచ్చి ఆటను తెరిచే ఇతర ప్రోగ్రాములకు) మీ ఫైల్ ఇవ్వాలా వద్దా అని అడిగే సెట్టింగు ఒకటి ఉంది. కొందరికి అసలు బాధ అదే కాబట్టి, తొలగించే ముందు దాన్ని ఆపేసి చూడండి. మాడ్‌రింత్, మాడ్ డీబీ, చిన్నచిన్న సైట్లు, ప్రతిదాని నియమాలూ ఆ రోజు ఎలా ఉన్నాయో చదివి చేయండి. ఇవి తరచూ మారుతుంటాయి. ఒక్క సైట్ మరచిపోయినా మిగతా చోట్ల తీసేసిన శ్రమ వృథా కాబట్టి, ఎక్కడెక్కడ పెట్టారో ముందే జాబితా రాసుకోండి. కన్సోల్ కోసం విడిగా పెట్టిన ప్రతిని చాలామంది మరచిపోతారు.

తీసేశాక తేలే కాపీలు

పేజీ మాయమైన మరుక్షణం ఆ ఖాళీని నింపడానికి ఎవరో ఒకరు సిద్ధంగా ఉంటారు. కొందరు మంచి ఉద్దేశంతోనే పెడతారు. వాళ్లకు మర్యాదగా ఒక సందేశం పంపితే చాలాసార్లు తీసేస్తారు. ప్రకటనల ఆదాయం కోసమే మాడ్లను ఏరుకునే సైట్లు వేరే రకం. అక్కడ సందేశాలు పనిచేయవు, నోటీసు పంపాలి.

చాలా సైట్లు అనుసరించేది అమెరికా కాపీరైటు చట్టం, 1998 నాటి డీఎంసీఏ. నోటీసులో ఉండవలసినవి ఇవి: మీ సంతకం, టైపు చేసినదైనా సరే, మీ పని ఏదో చెప్పే వివరణ, కాపీ ఉన్న ఖచ్చితమైన లింకు, మిమ్మల్ని సంప్రదించే వివరాలు, ఈ వాడకానికి అనుమతి లేదని నిజాయితీగా నమ్ముతున్నానన్న మాట, ఇచ్చిన సమాచారం సరైనదని, హక్కుదారును నేనేనని, అబద్ధమైతే శిక్షకు లోబడతానన్న మాట. సైట్ హోమ్ పేజీ లింకు ఇస్తే పక్కన పడేస్తారు, ఫైల్ ఉన్న పేజీ లింకే ఇవ్వాలి. అవతలివాళ్లు ఎదురు నోటీసు ఇస్తే, మీరు కోర్టుకు వెళ్లకపోయిన పక్షంలో 10 నుంచి 14 పని దినాల్లో సైట్ ఆ ఫైల్‌ను మళ్లీ పెట్టేయవచ్చు. తెలిసి తెలిసి తప్పుడు నోటీసు ఇస్తే నష్టపరిహారం మీరే కట్టవలసి వస్తుంది. అందుకే లైసెన్సు సంగతి ముందే చూసుకోమన్నాను.

నా లాంతర్ల మాడ్ ఒక సైట్‌లో వేరే పేరుతో తేలినప్పుడు, ఇది మీదేనని రుజువేమిటని వాళ్లు అడిగారు. గాజు టెక్స్‌చర్ కుడి మూలలో నేను కావాలని గీసిన సన్నటి గీత ఒకటి ఉంది. ఆటలో ఎంత దగ్గరికి వెళ్లినా అది కనిపించదు, ఫైల్ తెరిచి నాలుగింతలు పెద్దది చేస్తే కనిపిస్తుంది. వాళ్ల ఫైల్‌లోని గీతకు ఒక బొమ్మ, పొరలు విడివిడిగా ఉన్న నా అసలు ఫైల్‌కు ఒక బొమ్మ పక్కపక్కన పెట్టి పంపాను. ఆ పేజీ పోయింది. మీరు ఇప్పుడు చేస్తున్న మాడ్లలో ఇలాంటి గుర్తు ఒకటి పెట్టుకోండి. వాడని మెటీరియల్ పేరులో అయినా, స్క్రిప్ట్‌లో అర్థం లేని ఒక చరరాశి పేరులో అయినా సరే.

సైట్ పలకకపోతే దానికి చోటిచ్చిన హోస్టింగ్ కంపెనీకి అదే నోటీసు పంపవచ్చు. అసలు హోస్ట్ కనిపించకుండా క్లౌడ్‌ఫ్లేర్ అనే సంస్థ చాటున ఉన్న సైట్ అయితే, వాళ్ల ఫిర్యాదు ఫారం నింపితే అసలు హోస్ట్‌కు చేరవేస్తారు. గూగుల్‌కు కూడా విడిగా ఫిర్యాదు ఇచ్చి వెతుకులాట ఫలితాల్లోంచి తీయించవచ్చు. ఫైల్ అక్కడే ఉన్నా దారి మూసుకుపోతుంది, ఆచరణలో అది చాలు. వెబ్ పేజీల పాత ప్రతులను దాచే వేబ్యాక్ మెషీన్‌లో మీ పాత పేజీ ఉంటే, తీసేయమని దాన్ని నడిపే ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు మెయిల్ రాసి అడగవచ్చు. లాగిన్ అయితే తప్ప ఫైల్ ఇవ్వని సైట్ల విషయంలో అక్కడ సాధారణంగా పేజీ పాఠమే ఉంటుంది గనుక నేను దాని జోలికి పోలేదు.

నోటీసు ఇచ్చేముందు ఒక్క జాగ్రత్త. అందులో రాసిన పేరు, చిరునామా చాలాసార్లు నేరుగా అవతలి మనిషికి చేరతాయి. గూగుల్ వంటి సంస్థలకు ఇచ్చిన నోటీసులు లుమెన్ అనే బహిరంగ భాండాగారంలోకీ వెళ్తాయి. వేధింపులు తప్పించుకోవడానికి మాడ్‌ను తీసేసిన మనిషి తన అసలు పేరు, ఇంటి చిరునామా తనే రాసి ఇవ్వడం కంటే విడ్డూరం ఉండదు. అలాంటి పరిస్థితిలో మీ తరఫున నోటీసు ఇచ్చే ప్రతినిధిని పెట్టుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. అదీ కుదరకపోతే ఆ కాపీని అక్కడే వదిలేయడం నయం.

ఇవన్నీ అయ్యాక కూడా "ఫైల్ నాకొక్కడికి పంపండి, ఎవరికీ చెప్పను" అన్న సందేశాలు కొన్నాళ్లు వస్తాయి. ఎవరికీ పంపకండి. ఒకరికి పంపారని తెలిస్తే, రేపు ఎవరి మీదైనా నోటీసు ఇచ్చినప్పుడు "రచయిత్రే నాకిచ్చింది" అన్న జవాబు వస్తుంది, అది అబద్ధమని రుజువు చేయడం మీ నెత్తిన పడుతుంది. నేను రెండు వాక్యాల జవాబు రాసి పెట్టుకుని అందరికీ అదే అతికించాను: "మాడ్ ఇప్పుడు అందుబాటులో లేదు, విడిగా ఎవరికీ పంపడం లేదు. మీ సేవ్ ఆగిపోయి ఉంటే మాస్టర్ లేకుండా దాన్ని ఎలా శుభ్రం చేయాలో కింద రాశాను." ఆ కింద రాసిన పద్ధతి కోసం వచ్చినవాళ్లు చేసుకుని వెళ్లిపోయారు, మిగతావాళ్లు మళ్లీ రాయలేదు.